గడప దాటిన అమ్మడు

"అత్తయ్యా... అమ్మడు మీ దగ్గర లేదా?"

గారెలు తీస్తున్న చిల్లుల గరిటెతోనే వసారాలోకి వచ్చిన మనోరమకు, ఖాళీ పళ్లెంతో గేటు తీసుకుని వస్తున్న అత్తగారు కనిపించింది. ఆవిడ ఒక్కతే!

"నా దగ్గరెందుకుంటుందే? వంటింట్లో నీ దగ్గర ఉందనేగా నేను గారెలు పంచడానికి వెళ్లాను!"

పది నెలల అమ్మడు ఆ పొద్దున్నే మొదటిసారి గడప దాటింది. గడప దాటితే గారెలు వండి పంచాల్సిందేనని అత్తగారు ఒకటే హడావుడి. దూలపల్లిలో ఈ కొత్త కాలనీకి వచ్చాక ఇంట్లో జరిగిన మొదటి వేడుక మరి! ఆ సంబరంలో పడి, గడప దాటిన పిల్ల ఎటు పోయిందో చూసేవాళ్లే లేకపోయారు!

అప్పుడే మనోరమ చూపు వాకిట్లోని నీళ్ల సంపు మీద పడింది. ట్యాంకరు వస్తుందని తీసిన మూత... తీసినట్టే ఉంది!

"ఏవండీ!"

ఆ కేకకు పేపరు పారేసి పరుగెత్తుకొచ్చాడు భర్త రఘునందన్. తీసి ఉన్న మూత చూడగానే సంపులోకి దిగాడు. మోకాలి లోతు నీళ్లలో మూలమూలలా తడుముతున్నాడు. గట్టు మీద కూలబడిన మనోరమకు ఏడుపు కూడా రావడం లేదు. ఏం పిల్ల ఇది, భగవంతుడా! పాకడం వచ్చిన నాటినుంచి ఒక్కచోట కుదురులేదు. పాత చీరతో మంచం కోడుకు కడితే, లాగి లాగి ముడి విప్పుకుంది. పడితే ఏడవదు, పడ్డచోటికే మళ్లీ ఎక్కుతుంది. "రా తల్లీ" అని పిలిస్తే కిలకిలా నవ్వుతూ ఎదురుదిక్కుకు పాకుతుంది. అదే మనం మొహం తిప్పుకుంటే ఓర్చుకోలేదు, తనే వచ్చి మీద పడుతుంది! "ఆడపిల్లకు ఇంత పంతమా? అంతా నీ పెంపకం" అని అత్తగారు దెప్పినప్పుడల్లా మనోరమ నవ్వేసేది. కానీ లోలోపల వణికేది... ఈ పంతమే ఏదో ఒకరోజు తనకు కడుపుకోత మిగులుస్తుందేమోనని!

"లేదు మనూ! ఇందులో లేదు!"

ఆ మాటతో ప్రాణం లేచొచ్చిందో లేదో, వీధిలోంచి పాలు పోసే ఈదమ్మ అరిచింది. "అయ్యో అమ్మా! గా పైన జూడుండ్రి! పిల్ల స్లాబు మీదున్నది! జల్దీ పోండ్రి!"

పిట్టగోడైనా కట్టని డాబా!

మెట్లు ఎలా ఎక్కిందో మనోరమకే తెలియదు. వెనకే రఘునందన్. చివరి మెట్టు మీద ఇద్దరూ కొయ్యబారిపోయారు. డాబా అవతలి అంచున అమ్మడు... ఒక అరచెయ్యి అంచు మీదే ఉంది!

"అమ్మ..." అనబోయిన భర్త నోటిని మనోరమ గట్టిగా మూసేసింది. "పిలవకండి! పిలిస్తే అటే పాకుతుంది..." అంది గుసగుసగా.

అమ్మడు తల తిప్పి చూసింది. అమ్మ కనబడగానే దాని మొహం వెలిగిపోయింది. ఆట మొదలైందనుకుని అంచు వైపే తిరగబోయింది!

అప్పుడు మనోరమ ఏ తల్లీ చేయలేని పని చేసింది. కన్నబిడ్డ అంచున ఉండగా, భర్తనూ భుజం పట్టి ఇటు తిప్పేసి, తను దానికి వీపు చూపించి మెట్టు మీద కూర్చుంది. కళ్లు గట్టిగా మూసుకుంది. వెనక్కి తిరగకూడదు... తిరిగితే పోతుంది నా తల్లి! ఎంతసేపో! ఏ శబ్దమూ లేదు. తర్వాత... సిమెంటు మీద తప్‌... తప్‌... చిట్టి అరచేతులు!

జడ పట్టుకుని లాగింది అమ్మడు.

ఒక్క ఉదుటున గుండెకు అదుముకుని బావురుమంది మనోరమ. కిందికి వచ్చేసరికి, వాకిట్లోంచి అంతా చూసిన అత్తగారు ఎదురొచ్చి కోడలి చేతులు పట్టుకుంది.

"చూసుకోకుండా వెళ్లింది నేనమ్మా! నిన్ను ఎన్ని మాటలన్నాను! దాని మనసు నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసే..."

అమ్మడు మాత్రం అప్పుడే గింజుకుంటోంది. కిందికి దిగాలట!

"దించు తల్లీ, తలుపేశానుగా."

"ఈ ఒక్కపూటా దించలేను అత్తయ్యా!" మనోరమ బిడ్డను ఇంకా గట్టిగా అదుముకుంది. "రేపటినుంచి ఎలాగూ దాని వెనక పరుగెత్తాల్సిందే... బతికినన్నాళ్లూ భయపడుతూనే పరుగెత్తుతాను. ఈ పూటకు మాత్రం నన్ను ఎత్తుకోనివ్వండి!"