ముప్పై ఒక్క అంకెల దొంగతనం

పోయింది నగా నట్రా కాదు. ఒక సంఖ్య.

ముప్పై ఒక్క అంకెల పొడవు. ఒకటికీ తనకూ తప్ప దేనికీ లొంగని ప్రధాన సంఖ్య. వెనక నుంచి చదివితే మరో ప్రధాన సంఖ్య. గణిత శాఖలో టైపిస్టు పన్నెండేళ్లు తీరిక వేళల్లో చేతిలెక్కతో తేల్చింది.

ఉదయం 10:40కి ఆ కాగితం ఆవిడ సొరుగులో ఉంది. 11:05కి లేదు. 11:30కి సంఖ్య ప్రొఫెసర్ గారి బోర్డు మీద, ఆయన పేరుతో వెలిసింది.

నాలుగింటికి ఆయన పేరుతోనే గణిత పత్రికకు ఉత్తరం వెళ్తుంది. వెళ్లిందా, ఆవిడ పన్నెండేళ్లూ బూడిదలో పోసిన పన్నీరే.

ఇన్‌స్పెక్టర్ 2:15కి వచ్చాడు. బోర్డుకేసి చూశాడు. ప్రొఫెసర్ అతని బూట్లకేసి చూశాడు, అంటిన మట్టి తూకం వేస్తున్నట్టు.

"ఇది లాఠీతో తేలే విషయం కాదయ్యా."

"నిజమే సార్. నాకు ఎక్కాలు తప్ప రావు. ఈ సంఖ్య మీదేనా?"

"మరి టైపిస్టుదా? ఆవిడకి ప్రధాన సంఖ్యకీ ప్రధాన రహదారికీ తేడా తెలుసా?"

"భాగించి చూశారా?"

"ఆరు నెలలు చూశాను."

అబద్ధానికి కూడా ఎంత దర్జా, అనుకున్నాడు ఇన్‌స్పెక్టర్. టైపిస్టు వైపు తిరిగాడు.

"అమ్మా, ఇది ఇంకెవరికైనా చెప్పారా?"

"మా అక్కకండీ. పదింబావుకి ఫోన్లో చదివాను, సరిచూడమని. తనూ రాసుకుంది."

"ఎక్కణ్ణుంచి చేశారు?"

"నా సీట్లోంచే. ఈయన గదికీ నాకూ మధ్య చెక్క అడ్డమే."

అక్కకు ఫోన్ చేశాడు. "మా చెల్లి చెప్పింది చెప్పినట్టు రాశాను నాయనా!" అని గట్టిగా దబాయించి, ఆవిడ మొత్తం చదివింది. ఇన్‌స్పెక్టర్ రాసుకుని లెక్కపెట్టాడు. ముప్పై ఒకటి. బోర్డు మీద ముప్పై.

మూడున్నరకి శాఖ డైరెక్టర్ ఎదుట అందరినీ కూర్చోబెట్టాడు.

"అక్క కాగితంలో వరసగా 777 ఉంది. బోర్డు మీద అదే చోట 37. టైపిస్టమ్మా, దాన్ని ఫోన్లో ఎలా చెప్పారు?"

"'మూడు ఏడులు' అన్నానండీ. ఎవరైనా అంతేగా?"

"చెక్క అవతలి చెవికి ఆ 'లు' అందలేదు. మూడు, ఏడు అని రాసుకుంది. తర్వాత సొరుగులో కాగితం తీసిన చెయ్యి, టైపిస్టు దస్తూరి చదవడం నామోషీ అనుకుని చూడకుండానే చించేసింది."

ప్రొఫెసర్ నవ్వాడు. "చెవీ, చెయ్యీ! కథ బావుంది. ఆవిడ సంఖ్య ఆవిడది, నా సంఖ్య నాది."

"అయితే మీ అంకెలన్నీ కూడండి సార్. నేను కూడి చూశాను. నూట నలభై ఒకటి. అది మూడుతో నిశ్శేషంగా పోతుంది. అంకెల మొత్తం మూడుతో పోతే సంఖ్యా పోతుంది. బళ్లో పిల్లల పాఠం. ఆరు నెలలు భాగించినవారికి మూడు గుర్తురాలేదా? ఇది ప్రధాన సంఖ్య కాదు, అచ్చమైన సంయుక్త సంఖ్య."

ప్రొఫెసర్ డస్టర్ అందుకోబోయాడు.

"చెరపకండి సార్. ఇందులో మీ సొంతం ఆ తప్పొక్కటే."

డైరెక్టర్ ఉత్తరంలో సంఖ్య సరిదిద్ది, ప్రొఫెసర్ పేరు కొట్టేశాడు. కలం ఎత్తి టైపిస్టు వైపు చూశాడు. రోజూ గుమ్మంలో తనకు నమస్కారం పెట్టే మనిషి.

"అమ్మా... ఇంతకీ మీ పేరేంటి?"

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఒక్కో అక్షరం విడిగా చెబుతాను. రాసుకోండి."