బొటనవేలి గుర్తు

ఆదివారం పొద్దున్నే అత్తగారు మైదాలో గుడ్లు కొట్టి పిండి కలిపింది. అది నానాక బల్ల మీద నీలిపూల గుడ్డ పరిచి రేకులు వత్తడానికి కూర్చుంది. పొరలు పొరలుగా పేర్చి కాల్చే లజానియాకి రేకు వత్తి ఆ గుడ్డ మీద వేస్తే కింది పూలు కనబడాలి. అది ఆవిడ లెక్క. రేకు పూర్తవగానే మూల మీద బొటనవేలు నొక్కేది. ఆ గుర్తు ఉన్న రేకు ఇంకెవరూ ముట్టుకోకూడదు.

పొయ్యి దగ్గర టమాటా సాస్ కలుపుతున్న కోడలు ఓరకంట చూసింది. ఒక్క పువ్వు కూడా కనబడడం లేదు.

"పల్చగా వచ్చాయా అమ్మాయ్?"

"వచ్చాయత్తయ్యా."

"నువ్వు చెయ్యి పెట్టకు. మళ్ళీ చాపలవుతాయి."

పెళ్ళైన కొత్తలో కోడలు వత్తిన రేకులు దళసరిగా వచ్చాయి. ఆడపడుచు వాటికి చాపలని పేరు పెట్టింది. ఆ పేరు రేకులతో పోలేదు, కోడలికే అంటుకుంది. ఆ రోజు నుంచి ఆమెకు ఈ ఇంట్లో అప్పడాల కర్ర పట్టే పని లేదు.

అత్తగారు స్నానానికి వెళ్ళగానే కోడలు కర్ర తీసుకుంది. ఒక్కో రేకునూ మళ్ళీ వత్తింది. దర్జీ కొట్టులో పల్చటి బట్ట సాగకుండా కత్తిరించే చేతులవి, తొందరపడవు. పూలు ఒక్కొక్కటే తేలాయి. అన్నీ వత్తాక, చెరిగిపోయిన అత్తగారి గుర్తు ఉన్నచోట ఒక్కో రేకు మూలా తన బొటనవేలు నొక్కుతూ వచ్చింది.

"స్నానాలగది కుళాయిలో నీళ్ళు రావడం లేదు..." అంటూ గుమ్మంలోకి వచ్చిన అత్తగారు అక్కడే ఆగిపోయింది.

కోడలి వేలు ఇంకా పిండిలోనే ఉంది.

"ఏం చేస్తున్నావ్?"

"సర్దుతున్నానత్తయ్యా."

"నా గుర్తు నువ్వు పెడుతూ సర్దడమంటావా? ఎన్నాళ్ళ నుంచి?"

"మీ మణికట్టు బెణికినప్పటి నుంచి."

"అది పోయిన చలికాలం." అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే నా పిల్లలు నన్ను పొగుడుతుంటే నువ్వు పక్కన నిలబడి నవ్వుకున్నావన్నమాట."

"నవ్వుకోలేదు. వడ్డించాను."

"జాలిపడ్డావా నా మీద?"

"మీ అమ్మాయి నోటికి భయపడ్డాను. చాపలు అనిపించుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. మీరు తట్టుకోలేరు."

"నా కూతురు నన్ననదు." ఆవిడ మిగిలిన పిండి ముద్దను దగ్గరికి లాక్కుంది. "నువ్వు చేసినవి పక్కన పెట్టు. ఇవాళ నేను వత్తినవే వెయ్యాలి, ఉన్నవి ఉన్నట్టు."

కోడలు తను వత్తిన రేకులు తీసి పక్కన పెట్టింది. అత్తగారు పళ్ళు బిగబట్టి కొత్త రేకులు వత్తింది. వాటి మధ్య సాస్, కైమా, చీజ్ పరిచి కోడలు పళ్ళేన్ని ఓవెన్‌లో పెట్టింది.

మధ్యాహ్నం ఆడపడుచు వచ్చింది. ఆవిడ పళ్ళ డాక్టరు. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని నమిలింది, ఇంకా నమిలింది.

"ఏం వదినా, ఇవాళ నువ్వు వత్తావా? నాకు పేషెంట్లు తగ్గారని ఎవరైనా చెప్పారా?"

బస్సు డ్రైవరైన కొడుకు నవ్వాడు. నవ్వుతూనే భార్య ముఖం చూసి ఫోర్కు వైపు తల దించుకున్నాడు.

"చాపలేగా," అంది ఆడపడుచు. "ఎప్పటికి నేర్చుకుంటావమ్మా. మా అమ్మ పక్కన ఇన్నేళ్ళు నిలబడి ఏం చూశావో మరి."

"నేను వత్తాను," అంది అత్తగారు.

ఆడపడుచు ముఖం ఇట్టే మారిపోయింది. "అవునా? అదే అనుకున్నా, రుచి నీదేనని. కాస్త ఉడకాల్సింది, అంతే. బాగానే ఉన్నాయమ్మా."

అత్తగారు కూతురి వైపు తిరిగింది. అనదని తాను చెప్పింది నిజమే అయింది. ఆవిడ ఫోర్కు కింద పెట్టింది.

"అదే ముక్క. ఇది వత్తిందనుకుంటే చాప, నేను వత్తానంటే బాగుంది. చలికాలం నుంచి నువ్వు డబ్బా నింపుకుని తీసుకెళ్తున్నవన్నీ ఇది వత్తినవే."

"మరి నాకు చెప్పలేదేం వదినా?"

"చెబితే తినేదానివా?" అంది కోడలు.

ఆడపడుచు మంచినీళ్ళు తాగి, పని ఉందని లేచింది. ఈసారి డబ్బా అడగలేదు. అన్నయ్య ఆమెను సాగనంపడానికి కిందికి వెళ్ళాడు.

నిజం బయటపడితే మనసు తేలికవుతుందని కోడలు ఎన్నోసార్లు అనుకుంది. సింకు దగ్గర నిలబడి పళ్ళేనికి అంటుకున్న చీజ్ గోకుతుంటే అలాంటిదేమీ అనిపించలేదు. బల్ల దగ్గర అత్తగారు తన వాటా ఆఖరి ముక్క దాకా నమిలి నమిలి మింగింది.

"ఆ పేరు పెట్టిన రోజు నేనూ నవ్వాను," అందావిడ. "దాని నోరు దానికెక్కణ్ణించి వచ్చిందో నాకు తెలియదా."

కోడలు చెయ్యి ఆగింది.

అత్తగారు పొద్దున పక్కన పెట్టించిన రేకులకేసి చూసింది. తాను గుమ్మంలోకి రావడంతో గుర్తు నొక్కకుండా ఆగిపోయిన రేకొకటి అందులో ఉంది. ఆవిడ దాన్ని నీలిపూల మీద పరిచింది.

"ఇలా రా. వేలు నొక్కు."

"మీ గుర్తా?"

"వత్తింది ఎవరు?"

కోడలు తడి చెయ్యి తుడుచుకుని వచ్చి బొటనవేలు ఆనించింది. గట్టిగా నొక్కేసింది. రేకు చిరిగి కింది పువ్వు బయటికొచ్చింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఆ చిరుగు చూడగానే వచ్చేసింది.

"ఊరుకో," అంటూ అత్తగారు కర్రను ఆమె వైపు దొర్లించింది. "ఇంకోటి వత్తు. పిండి నేను కలుపుతాను."