నూనె పట్టిన నాలుగు తీగలు

ఆ ఇంట్లో తెల్లవారిందంటే ముందు కుట్టుమిషను చప్పుడు వినిపించాల్సిందే. టైలరమ్మ లేచి మొహం కడుక్కుని, ముందుగదిలో మిషను మీది గుడ్డ తీసి, సందుసందుకీ చుక్క చుక్క నూనె వేసి, చక్రం ఒకసారి ఉత్తినే తిప్పి చూసుకుంటే గానీ ఆమెకు మనసు కుదుట పడదు. ఆ తరవాతే పొయ్యి, ఆ తరవాతే మొగుడు. ఆయన రాత్రి బస్సు నడిపి పొద్దున్నే ఇల్లు చేరే మనిషి కాబట్టి ఆ వరస మీద ఆయనకూ ఫిర్యాదు లేదు.

ఆ రోజు మాత్రం ఆమెకు చెయ్యి ఆడలేదు. కుట్టిన కాలరునే విప్పి మళ్ళీ కుట్టింది. దారం రెండుసార్లు తెగింది. కారణం పక్కగదిలో తల దువ్వుకుంటోంది. ఒక్కతే కూతురు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని పిట్ట అని పిలిచారు, ఇరవై దాటినా ఆ పేరు వదల్లేదు. ఊరూరా తిరిగి కచేరీలు చేసే బృందానికి బేస్ గిటారు వాయించే మనిషి కావాలట. పదకొండింటికి హాల్లో ఎంపిక. కుదిరితే ఏడాది పాటు పిట్ట ఇంటి గడప తొక్కదు. కుదరకపోతే తల్లి పక్కన రెండో మిషను మీద కూర్చుంటానని, మళ్ళీ ఆ మాట ఎత్తనని తనే ఒప్పుకుంది.

బేస్ గిటారు మామూలు గిటారుకు పెదనాన్న లాంటిది. మెడ పొడుగు, బరువెక్కువ, నాలుగే తీగలు, అవీ లావు. పాటకు అడుగున ఉండి మోసే గొంతు దానిది. చేతికుట్లు కుట్టి కూడబెట్టుకుని పిట్ట దాన్ని కొనుక్కున్న రోజున తల్లి కూడా వెంట వెళ్ళింది. కొట్టువాడు తళతళలాడే ఎర్రదాన్ని చూపిస్తే, ఈ పిల్ల మూలనున్న పాత గోధుమరంగుదాన్ని తీసింది. సూదిలో దారం ఎక్కించేటప్పటిలా ఒక కన్ను మూసి మెడ వంకర పోయిందేమో చూసింది. మెడ మీది ఒక్కో మెట్టు మీదా వేలు నొక్కి, చెవి ఆనించి విన్నది. "పెళ్ళికొడుకుని కూడా ఇంత పరీక్ష చెయ్యరే!" అని తల్లి అప్పుడు నవ్వింది.

ఆ నవ్వు ఎంతో కాలం నిలవలేదు. ఈ గిటారుకు కరెంటు పెట్టె తగిలిస్తేనే గొంతు. పక్కవాటా వాళ్ళు గోడ కొట్టారని, తనకు లెక్క తప్పి బట్ట తేడాగా కోస్తున్నానని తల్లి కసిరితే, ఆనాటి నుంచీ పిట్ట చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని సాధన చేస్తోంది. ఆమెకు వినిపించేది ఆమెకే. ఇంట్లో వాళ్ళకు వినిపించేది తీగల టకటకా, వేళ్ళు జారినప్పుడల్లా కీచుమనే చప్పుడూ.

"అమ్మా!"

ఆ కేకకు టైలరమ్మ కాలు మిషను మీంచి జారింది.

పిట్ట గిటారును రెండు చేతులా పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. తీగలు నిగనిగలాడుతున్నాయి. మెట్ల మధ్య చెక్క నల్లగా తడిసింది. పైన తీగలు బిగించే చెవుల్లోంచి నూనె కారి అరచేతిలో పడుతోంది.

"ఏం చేశావు దీన్ని?"

"నూనె వేశాను. మిషను నూనేలే, మంచిదే. నిన్న నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు..."

"ఎందుకు?"

"ఎందుకంటావేంటే? రోజూ కీచుకీచుమంటోందిగా! ఇవాళ అంతమంది ముందు అలా అరిస్తే నీకు నామోషీ కాదూ? అందుకే సందుసందుకీ..."

పిట్ట తీగను మీటింది. తడిసిన తాడును లాగినట్టు 'దబ్' మని ఆగిపోయింది.

"విన్నావా? చచ్చిపోయింది! తీగకు చుట్టిన చుట్ల మధ్యకి జిడ్డు దిగితే ఇంకేం పలుకుతుంది? ఆ కీచు చప్పుడు నా వేళ్ళదమ్మా. అది రోగం కాదు!"

"నాకేం తెలుసే?"

"నీకు తెలుసు. నేను వెళ్ళకూడదని ఎంతగా ఉందో నాకూ తెలుసు. నోటితో చెప్పలేక చేత్తో చేశావు."

గదిలో ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. టైలరమ్మ బల్ల మీదున్న పెద్ద కత్తెర తీసి కూతురి ముందు పెట్టింది.

"చెడగొట్టాలనుకుంటే నా దగ్గర ఇది లేదటే? నాలుగు తీగలు, నాలుగు కోతలు. నూనె ఎవరైనా దేనికి పోస్తారే? నడవాలనుకున్నదానికే పోస్తారు. నువ్వు వెళ్ళకూడదని ఉంది, అబద్ధమెందుకు? రాత్రంతా అదే దిగులు. ఆ దిగులుతోనే, వెళ్ళినచోట మాట పడకూడదని పోశాను. రెండూ ఒక్క కడుపులోవే."

పిట్ట గడియారం వైపు చూసి, తీగలు వదులు చెయ్యడం మొదలుపెట్టింది.

"కొత్తవి కొనుక్కోవచ్చుగా? నేనిస్తాను," అంది తల్లి.

"కొట్టు తెరిచేసరికి ఎంపిక అయిపోతుంది. పెద్ద గిన్నె పెట్టు. నీళ్ళు మరగాలి."

"దేనికి?"

"తీగలు ఉడకబెట్టడానికి."

టైలరమ్మ పొయ్యి వెలిగించింది. సబ్బుపొడి చిటికెడు వేసిన నీళ్ళలో తీగలు పాముపిల్లల్లా చుట్టలు చుట్టుకుని మరిగాయి. జిడ్డు తెట్టులా పైకి తేలింది. సరిగ్గా అప్పుడే డ్యూటీ దిగిన బస్సాయన వంటింట్లోకి తొంగిచూశాడు.

"ఇవాళ ఏం వండుతున్నారు?"

"తీగలు," అంది భార్య.

"చిక్కుడు తీగలా?"

"గిటారు తీగలు. మీరు మాట్లాడకుండా పోయి పడుకోండి."

"ఉప్పు చూడమంటే చూస్తా గానీ..." అంటూ ఆయన కూతురి మొహం చూసి, ఆ మాట మింగేసి, టోపీ మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు. "పద, బస్టాపు దాకా గిటారు నేను మోస్తా."

చెక్క మీది నూనె పీల్చడానికి టైలరమ్మ సుద్దపొడి తెస్తే పిట్ట ఒక్క అరుపు అరిచింది. "వద్దమ్మా! నీకు దణ్ణం పెడతా, ఇంకేం రాయకు దానికి!" తల్లి పొడి డబ్బా వెనక్కి దాచుకుని, పాత మెత్తని గుడ్డతో తుడిచింది, పసిపిల్ల ఒళ్ళు తుడిచినట్టు.

ఒక్కదానివల్ల అయ్యే పని కాదని తల్లీ బస్సెక్కింది. దారి పొడుగునా ఒకరు తీగల్లో మిగిలిన తడి ఒత్తడం, ఒకరు ఎక్కించి బిగించడం. ఇద్దరి మోకాళ్ళ మీదా గిటారు అడ్డంగా ఉంది. మాటలంటే "ఇలా తే", "గట్టిగా పట్టుకో", అంతే. బస్సు కుదిపినప్పుడల్లా టైలరమ్మ ఉలిక్కిపడి తీగల వైపే చూసింది. తీగ తెగితే తన పాపం. తెగకపోతే పిల్ల వెళ్ళిపోతుంది. ఏది కావాలని మొక్కుకోవాలో తెలియక ఊరికే పెదాలు కదిపింది.

హాల్లో వెనక వరసలో కుర్చీ చూపించారు. ఎదురుగా బీరువాంత కరెంటు పెట్టె. నెరిసిన జుట్టున్న డ్రమ్ములాయనే బృందానికి పెద్ద. పిట్ట పెట్టె వైరు గిటారుకు తగిలించి, చెవులు తిప్పి శ్రుతి సరిచేసుకుంది. ఉడికిన తీగలు రెండుసార్లు శ్రుతి జారాయి. డ్రమ్ములాయన పుల్ల తొడ మీద తాటించాడు. "కానీ అమ్మాయ్, ఎంతసేపు?"

పిట్ట మొదలుపెట్టింది.

టైలరమ్మకు ముందు చెవుల్లో ఏమీ వినపడలేదు. అరికాళ్ళ కింద నేల కదిలింది. ఏదో అదురు కుర్చీ వెన్నులోంచి ఎక్కి, పక్కటెముకల్లోకి వచ్చి కూర్చుంది. ఆ తరవాత తెలిసింది, అది పాటని. లావుగా, నింపాదిగా, ఎవరినీ తొయ్యకుండా అందరినీ మోసుకుపోతున్న పాట. డ్రమ్ములు వచ్చి దాని భుజం మీద చెయ్యి వేశాయి. మధ్యలో వేళ్ళు జారినచోట కీచుమన్నది సముద్రంలో చినుకులా ఎక్కడో మునిగిపోయింది.

ఇన్నేళ్ళూ పక్కగదిలో ఉన్నది ఇదా? గోడకు ఇవతల కూర్చుని తను విన్నది పొట్టు. గింజంతా పిల్ల చెవుల్లోనే ఉండిపోయింది. నెమ్మదిగా అని కసిరింది తనే. ఏమీ లేదని నమ్మిందీ తనే. టైలరమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అయినా ఏడుపు ఆగలేదు.

పాట ఆగింది. డ్రమ్ములాయన పుల్లలు కింద పెట్టాడు.

"తీగలు కాస్త మసకగా ఉన్నాయి. చెయ్యి మాత్రం నిలకడైనది. వచ్చే వారం మొదటి ఊరు. ఎప్పటి నుంచి రాగలవు?"

పిట్ట తల తిప్పి వెనక వరస చూసింది.

"బుధవారం," అంది టైలరమ్మ, లేచి నిలబడి. "అంతకుముందు కుదరదండీ. నాలుగు జతలు కుట్టాలి దానికి. ఊరూరా నలిగిన బట్టలతో తిరిగితే పోయేది నా పరువు."

డ్రమ్ములాయన నవ్వాడు. పిట్ట గిటారు మెడలోంచి తియ్యకుండానే కుర్చీల మధ్య అడ్డదిడ్డంగా నడిచి వచ్చింది. "పొద్దున అన్న మాట..." అంటూ తల్లి భుజం మీద మొహం దాచుకుంది. మధ్యలో గిటారు ఇద్దరి కడుపులకూ గట్టిగా ఒత్తుకుంది.

"సరేలే, ఆ మాట అవతల పెట్టు," అంది తల్లి, వీపు నిమురుతూ. "ముందు వెళ్ళి ఇంకోసారి వాయించవే. ఏడుపులో సగం వినలేదు నేను."