నీళ్లలో తేలిన ముక్క

ఇరవై రెండేళ్లుగా ఆ ల్యాబులో ఆమె చేసే పని ఒక్కటే. మైనంలో బిగించిన కండముక్కల్ని ఉల్లిపొరకన్నా పల్చగా కోసి, గోరువెచ్చని నీళ్లమీద పరిచి, గాజుపలకమీదికి ఎత్తడం. నేలకింది గది. కిటికీ లేదు. ఫార్మలిన్ వాసన బట్టలకి పట్టి ఇంటిదాకా వెంట వచ్చేది.

ఆ పూట చేతిలో ఉన్న ముక్క కూతురిది. పెద్దపేగు చివర పుట్టిన గడ్డలోంచి తీసింది. కూతురు పైన, మూడో అంతస్తు వార్డులో ఉంది.

"వేరేవాళ్లకి ఇవ్వొచ్చుగా, అక్కా," అంది డాక్టరమ్మ.

"కన్నదాన్ని నేను. కొయ్యడానికి పరాయి చెయ్యెందుకు?"

డాక్టరమ్మ మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది. "గడ్డ మామూలు రకమే. ఆపరేషన్‌తో పోతుంది. కానీ పలక అంచున చుక్కంత, ఇంకోరకం కణాలున్నాయి. మొండి రకం. ఒకే గడ్డలో రెండూ ఉంటే మటుకు..." మాట మార్చింది. "అది చాలా అరుదులే. ఇదెవరిదో ముక్క, నీళ్లలో మిగిలి తేలొచ్చి అంటుకుంది. నీలాంటి చేయితిరిగినదానికీ తప్పలేదన్నమాట!"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తప్పు తనదే కావాలని మొక్కుకుంది ఆమె.

నీళ్లు పారబోసింది. తొట్టి తోమింది. కత్తి మార్చింది. మళ్లీ కోసి, రంగు పట్టించింది.

చుక్క మళ్లీ ఉంది. ఈసారి కూతురి ముక్కకి దగ్గరగా...

"నీళ్లు మార్చావా, అక్కా?" డాక్టరమ్మ గొంతు తగ్గింది.

"మార్చాను."

మూడోసారి కోస్తుంటే ఫ్యాను దానంతటదే ఆగిపోయింది. వెనక, తొట్టిలో చిన్న చప్పుడు... ఎవరో చెయ్యి ముంచి తీసినట్టు. ఆమె తిరిగి చూడలేదు. ఆ పలకమీద చుక్క కూతురి ముక్కని తాకి ఉంది.

నాలుగోసారి అంచున ఏమీ లేదు. ఖాళీ.

"పోయింది," అని ఊపిరి వదిలింది ఆమె.

డాక్టరమ్మ కళ్లు తియ్యలేదు. "పోలేదక్కా... లోపలికెళ్లింది. గడ్డలో సగానికి సగం అదే. రెండూ కలిసిపోయాయి." తర్వాత తనకి తనే చెప్పుకుంటున్నట్టు, "లోతుకి కోసేకొద్దీ బయటపడింది. అంతే... అంతే కదా?"

ఫోను మోగింది. కూతురు. నిద్రమత్తు, విసుగు.

"ఎన్నిసార్లు వస్తావమ్మా పైకి? కాస్త పడుకోనీ."

పొద్దుటినుంచి ఆమె ఈ గది గడప దాటలేదు.

"వస్తే వచ్చావు, చేతులైనా తుడుచుకోవచ్చుగా. పొట్టంతా తడి." కూతురు మూలిగింది. "ఇందాక మరీ లోపలికి నొక్కావు."