తేజ పెట్టుకున్న మెనూ

రెండు వేల నాలుగు, అక్టోబరు. మచిలీపట్నంలో పొద్దున్నుంచీ ముసురు. గిలకలదిండి వైపు గాలి చేపల వాసన మోసుకొస్తోంది. నేను కంప్యూటర్ ముందు కూర్చుని నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

మా తమ్ముడు తేజ బంటుమిల్లి రోడ్డు మీద బండి యాక్సిడెంట్లో పోయాడు. రేపు పెద్దకర్మ. పోయినవాడి వస్తువు ఒక్కటీ ఇంట్లో ఉండకూడదని సువర్ణత్త పట్టుబట్టి వాడి బట్టలు, మంచం, ఆఖరికి దువ్వెన కూడా ఇచ్చేయించింది. "ఆ కంప్యూటర్ పెట్టెలో కూడా వాడిదేదో ఉందిటగా, తీసెయ్యవే" అంది. విండోస్ పక్కన వాడు ముచ్చటపడి ఎక్కించుకున్న లినక్స్ అనే రెండో సిస్టమ్ అది. నా బుద్ధి గడ్డి తిని, దాన్ని మొత్తం చెరిపేశాను. మళ్లీ ఆన్ చేస్తే నల్లటి తెర, ఎర్రర్ అన్న మాట. అంతే.

వాడి ఫొటోలన్నీ విండోస్ వైపే ఉన్నాయి, కానీ అదీ తెరుచుకోవట్లేదు. రేపు అమ్మ దండ వెయ్యడానికి ఒక్కటైనా కావాలి. ఏడుపొచ్చేసింది.

గుడివాడలో కంప్యూటర్ షాపున్న రాజేష్ బావకి ఫోన్ చేశాను.

"నీ మొహం! మెషిన్ లేవగానే లినక్సా, విండోసా అని అడిగే మెనూ ఆ లినక్స్‌లోనే ఉంటుందే. ఎక్స్‌పీ సీడీ పెట్టి రిపేర్‌లోకి వెళ్లు, ఫిక్స్ ఎంబీఆర్ అని కమాండ్ కొట్టు. విండోస్‌ని నేరుగా లేపే పాత బూట్ లోడర్ తిరిగొస్తుంది. ఆ మెనూ ఇంక జన్మలో కనపడదు."

కొట్టాను. సీడీ తీసి రీస్టార్ట్ చేశాను.

మెనూ వచ్చింది.

వాడిదే. పైన లినక్స్, కింద విండోస్. కింది బాణం నొక్కాను. తెల్ల గీత విండోస్ మీదకి దిగి... దానంతటదే పైకెక్కింది. మళ్లీ నొక్కాను. మళ్లీ ఎక్కింది. కీబోర్డు వైరు పీకేశాను. ఒళ్లో ఉన్న కీబోర్డులో టకటక చప్పుడు మాత్రం... ఆగలేదు.

"తేజా..." అన్నాను. "ఒరేయ్, అమ్మకి ఒక్క ఫొటో కావాల్రా. నీ కాళ్లు పట్టుకుంటాను."

చప్పుడు ఆగింది. గీత మెల్లగా కిందకి దిగింది. విండోస్ తెరుచుకుంది.

ఫొటోలున్నాయి. మంగినపూడి బీచ్‌లో అమ్మ, నేను. మధ్యలో ఖాళీ. అమ్మ చెయ్యి ఎవరి భుజమ్మీదో వేసినట్టు గాలిలో ఉంది. తర్వాతది... అందులోనూ తేజ లేడు. ఎందులోనూ లేడు.

అమ్మ ఎప్పుడొచ్చిందో, నా వెనక నిలబడి ఉంది.

"బిందూ," అంది గుసగుసగా. "పొద్దున నువ్వు వాడిది చెరిపేశానన్నావు చూడు, అప్పట్నించీ... వాడి మొహం గుర్తు రావట్లేదే. ఎలా ఉంటాడే వాడు?"

చెబుదామని కళ్లు మూసుకున్నాను.

నాకూ... రాలేదు.