ఎడమ వెనక చక్రం

సోమవారం ఉదయం ఏడూ నలభైకి టెస్ట్ ట్రాక్ స్టోర్‌కీపర్ చనిపోయి కనిపించాడు. రెండు అరల మధ్య బోర్లా పడి ఉన్నాడు. పక్కన నిచ్చెన ఉంది. నిచ్చెన మీంచి జారిపడ్డాడని ఫ్యాక్టరీ డాక్టరు రాశాడు. మధ్యాహ్నం ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ డాక్టరు వచ్చి, చెవి వెనక జుట్టు పక్కకు తీసి, సూది గుచ్చిన గుర్తు చూపించాడు.

మూడు గంటలకల్లా జిగురు చీఫ్ గదిలో ఉన్నాడు. అసలు పేరు ఫైల్లో ఉంది. ఆఫీసులో మాత్రం అందరికీ జిగురే. పట్టుకున్న కేసు వదలడు కాబట్టి ఆ పేరొచ్చిందని అతని నమ్మకం. చీఫ్ లెక్క వేరు.

"కూర్చోకు. కూర్చుంటే లేవవు," అన్నాడు చీఫ్.

జిగురు నిలబడే విన్నాడు.

"బుధవారం పదకొండు గంటలకి ఒక కారు డెమో. నాలుగు చక్రాల్లో నాలుగు మోటార్లు. ముందున్న చిన్న ఇంజన్ బ్యాటరీ ఛార్జ్ చేయడానికే. గేర్‌బాక్స్ లేదు, ఇరుసు లేదు. విదేశీ కొనుగోలుదారు స్వయంగా ఎక్కి చూస్తాడు. నచ్చితే రెండు దేశాల్లో ఫ్యాక్టరీలు లేస్తాయి."

"నచ్చకపోతే?"

"నచ్చకపోతే ఇంటికి పోతాడు. మన భయం అది కాదు. ఇరుసు ముఠా దిగింది."

ఇరుసు ముఠా అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. గేర్‌బాక్సులు, ఇరుసులు చేసే కొన్ని విదేశీ కంపెనీల డబ్బుతో అది నడుస్తుంది. మోటారు చక్రంలోకి వెళ్ళిపోతే ఆ కంపెనీలకి చేయడానికి ఏమీ మిగలదు. కిందటేడు ఇలాంటి మోటారు మీద పనిచేస్తున్న ఒక లాబొరేటరీ కాలిపోయింది. ఇంకో చోట ఇంజనీరు ఈతకొలనులో తేలాడు.

"లోపల మన మనిషి ఉంది," అన్నాడు చీఫ్. "కొనుగోలుదారు వెంట వచ్చే దుబాసీ. రెండేళ్ళుగా ముఠాలో ఉంటూ మనకి సమాచారం పంపుతోంది. ఇంతవరకూ ఒక్కటీ తప్పలేదు. ఆమె చెప్పింది చెయ్యి. సొంత తెలివి వాడకు."

"కారు నడిపేదెవరు?"

చీఫ్ ఒక ఫోటో ముందుకు తోశాడు. జిగురు చూసి వెనక్కి తోశాడు.

"వేరేవాళ్ళని పంపండి. వాడు నా ముఖం చూడడు."

"చూడక్కర్లేదు. బతికుంటే చాలు. మీ ఆవిడకి ఉన్నది ఒక్క తమ్ముడే కదా?"

ఫోటోలో ఉన్నది జిగురు బావమరిది. ఆ కారు డిజైన్ చేసిన ఇంజనీరు అతనే. ఆరేళ్ళ క్రితం రహస్యాలు బయటికి పొక్కుతున్నాయన్న కేసులో జిగురు అతని ఇల్లు సోదా చేయించాడు. బియ్యం డబ్బాలు కూడా బోర్లించారు. ఏమీ దొరకలేదు. తప్పయిందన్న మాట మాత్రం జిగురు నోట రాలేదు. అప్పటినుంచి జిగురు భార్య తమ్ముడింటికి ఒంటరిగానే వెళ్ళొస్తోంది.

మంగళవారం ఉదయం జిగురు టైర్ ఫిట్టరు వేషంలో వర్క్‌షాప్‌లో చేరాడు. మీసం తీసేశాడు. గోళ్ళలో గ్రీజు పెట్టుకున్నాడు. ఎడమ కాలు కొంచెం ఈడ్చాడు. బావమరిది ఒకసారి చూసి, చేతిలో స్పానర్ కింద పెట్టాడు.

"మీసం ఉంటేనే నయం బావా. కాస్త మర్యాదస్తుడిలా కనిపించేవాడివి."

"గట్టిగా అరవకు. డ్యూటీలో ఉన్నాను."

"మళ్ళీ సోదాకా? ఈసారి ఏం బోర్లిస్తావు, బ్యాటరీయా?"

"నిన్ను కాపాడటానికి వచ్చాను."

"అయితే ఇవాళ హెల్మెట్ పెట్టుకోవాల్సిందే," అని బావమరిది తిరిగి కారు కిందికి దూరాడు.

పదకొండింటికి కొనుగోలుదారు వచ్చాడు. వెనకే దుబాసీ వచ్చింది. ఆకుపచ్చ కోటు, ఎత్తు మడమల చెప్పులు. ఆమె తలుపు దాటి వస్తుంటే వర్క్‌షాప్‌లో చప్పుళ్ళు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఫోర్‌మన్ మాత్రం తన పని ఆపలేదు. ఆయన కళ్ళజోడు అప్పుడు జేబులో ఉంది.

బావమరిది కారు గురించి చెప్పాడు. ఆమె అనువదించింది. ఇంజన్ నుంచి చక్రం దాకా శక్తిని మోసుకెళ్ళే ఇనుము ఏదీ లేదు కాబట్టి దారిలో వృథా తక్కువ. కింద చోటంతా బ్యాటరీకే. మలుపులో ఏ చక్రానికి ఎంత బలమివ్వాలో కంప్యూటరు విడివిడిగా లెక్క కడుతుంది. డాష్‌బోర్డు మీద నాలుగు స్విచ్‌లున్నాయి. ఒక మోటారు పాడైతే దాని కరెంటు తీసేసి మిగతా మూడింటితో ఇల్లు చేరవచ్చు.

"మోటారు చక్రంలోనే ఉంటే గుంతలో పడ్డప్పుడు దెబ్బంతా దానికేగా?" అన్నాడు జిగురు, టైరు దొర్లిస్తూ.

"టైర్ ఫిట్టర్లని కూడా ప్రశ్నలడగనిస్తారా ఇక్కడ?" అంది దుబాసీ నవ్వుతూ.

"అడగనివ్వం. వీడు కొత్త," అన్నాడు బావమరిది. కొనుగోలుదారు కూడా అదే అడిగాడు. ఈసారి బావమరిది ఓపిగ్గా జవాబు చెప్పాడు. దుబాసీ ఎడమ వెనక చక్రం పక్కన కూర్చుని, చేత్తో చూపిస్తూ, అదంతా అనువదించింది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆమె టీ గ్లాసుతో జిగురు బల్ల దగ్గరికి వచ్చింది.

"ఈ గోడ గడియారం ఎప్పుడూ ఇలాగే వెనకబడి ఉంటుందా?"

"గడియారం బానే ఉంది. మనుషులకే తొందరెక్కువ."

కోడ్ సరిపోయింది. ఆమె కూర్చుంది.

"ఎడమ వెనక చక్రం," అంది. "మోటారులో చిప్ పెట్టారు. వేగం తొంభై దాటగానే ఆ ఒక్క చక్రం వెనక్కి తిరగాలని చూస్తుంది. మూడు ముందుకి, ఒకటి వెనక్కి. తర్వాత కారు ఎటు పోతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు."

"స్టోర్‌కీపర్‌ని ఎందుకు చంపారు?"

"వర్క్‌షాప్‌లోకి వెళ్ళినవాణ్ణి చూశాడు."

"డెమో ఆపించేస్తాను."

"ఆపితే వాళ్ళు గెలిచినట్టే. మా కొనుగోలుదారు రేపు సాయంత్రం విమానం ఎక్కేస్తారు. మోటారు మార్చండి. స్టోర్లో స్పేర్ ఉందటగా."

జిగురు జేబులో డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పెన్ను ఉంది. అది రాస్తుంది కూడా. దగ్గర్లో ఎక్కడైనా రేడియో సిగ్నల్ ఉంటే వేళ్ళ మధ్య వణుకుతుంది. బుధవారం ఉదయం అతను దాన్ని నాలుగు చక్రాల దగ్గరా పట్టుకున్నాడు. మూడింటి దగ్గర కదల్లేదు. ఎడమ వెనక చక్రం దగ్గర వణికింది.

"ఇది మార్చాలి," అన్నాడు.

"కుదరదు," అన్నాడు బావమరిది. "ఈ మోటారు నా కళ్ళముందు పదివేల కిలోమీటర్లు తిరిగింది. స్పేర్ ఒక్క కిలోమీటరు కూడా తిరగలేదు. పరీక్షించనిది నా కారుకి ఎక్కదు."

"నీ కళ్ళముందే ఇందులో చిప్ పెట్టారు."

"ఎవరు చెప్పారు? నా ఇంట్లో దొంగ సొత్తుందని చెప్పినవాళ్ళేనా?"

జిగురు చీఫ్‌కి ఫోన్ చేశాడు. చీఫ్ ఫ్యాక్టరీ డైరెక్టరుకి ఫోన్ చేశాడు. డైరెక్టరు బావమరిదికి ఫోన్ చేశాడు. బావమరిది విని, ఫోన్ జేబులో పెట్టుకుని, ఫోర్‌మన్‌కి చెయ్యి ఊపాడు.

"మార్చండి బాబాయ్. నేను వద్దన్నానని అందరూ గుర్తుపెట్టుకోండి."

ఐదు బోల్టులు, రెండు కూలెంట్ గొట్టాలు, ఒక కేబుల్. ముప్పావు గంటలో కొత్త మోటారు ఎక్కింది. బావమరిది నెమ్మదిగా ఒక రౌండు తిప్పి చూశాడు. తేడా కనిపించలేదు. జిగురు పెన్ను పెట్టి చూశాడు. వణకలేదు. పదకొండింటికి కొనుగోలుదారు వెనక సీట్లో కూర్చున్నాడు. దుబాసీ కారు ఎక్కలేదు. ట్రాక్ పక్కనున్న టవర్ నుంచి రేడియోలో అనువదిస్తానంది.

కారు బయల్దేరింది. మొదటి రౌండు అరవైలో. ట్రాక్ పక్కన మెకానిక్‌లుండే పిట్‌లో స్క్రీన్ మీద నాలుగు చక్రాలకి నాలుగు గీతలు సమంగా నడిచాయి. ఫోర్‌మన్ ఊరికే ఉండలేక, విప్పిన మోటారు మూత తీశాడు.

"ఇదిగోనయ్యా మీ చిప్పు," అన్నాడు.

మూతకి బయటివైపు, అంచు కింద, చిన్న అయస్కాంతంతో ఒక బిళ్ళ అతుక్కుని ఉంది. చొక్కా గుండీ అంత. జిగురు పెన్ను దానిమీదే వణికింది.

"లోపలో?"

"లోపల కడిగిన గిన్నెలా ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. ఈ బిళ్ళకి మోటారుతో సంబంధమే లేదు. సిగ్నల్ పంపడం తప్ప దీనికి వేరే పని లేదు."

జిగురు బిళ్ళ వైపు చూశాడు. నిన్న ఆ చక్రం పక్కన ఎవరు కూర్చున్నారో గుర్తొచ్చింది. కాపలా ఉన్న వర్క్‌షాప్‌లో, కారుకున్న మోటారు విప్పడం ముఠా వల్ల కాదు. స్టోర్‌లో స్పేర్ విప్పడమైతే వాళ్ళ వల్ల అవుతుంది, స్టోర్‌కీపర్ అడ్డు లేకపోతే. ఇక దాన్ని కారుకి ఎక్కించేవాడు కావాలి. ఆ పని జిగురే చేసిపెట్టాడు.

కిటికీలోంచి టవర్ కనిపిస్తోంది. దుబాసీ టవర్ వైపు వెళ్ళడం లేదు. గేటు వైపు నడుస్తోంది.

స్క్రీన్ మీద వేగం డెబ్భై ఎనిమిది. జిగురు రేడియో లాక్కున్నాడు.

"ఎడమ వెనక స్విచ్ ఆపెయ్. వెంటనే."

"ఎవరది?"

"నేను."

"ఏ నేను?"

"మీ బావని."

"రేడియో కింద పెట్టెయ్ బావా. డెమో జరుగుతోంది."

ఎనభై రెండు.

"కొత్త మోటారులోనే ఉంది చిప్. తొంభైకి తిరగబడుతుంది. బ్రేకు వద్దు, అదీ మోటారే వేస్తుంది. స్విచ్ తియ్."

"పొద్దున పాతదన్నావు. ఇప్పుడు కొత్తదంటున్నావు. నీ మాట మీద ఇంకోసారి చెయ్యి కదిపితే నాకన్నా వెధవ ఉండడు."

ఎనభై ఆరు. ఫోర్‌మన్ కళ్ళజోడు తీసి పట్టుకున్నాడు. పిట్‌లో పనివాళ్ళంతా రేడియో చుట్టూ చేరారు.

"తప్పు నాది," అన్నాడు జిగురు.

రేడియో గరగరలాడింది.

"ఏంటీ?"

"తప్పు నాది అన్నాను. ఆమె మాట నమ్మి నేనే మార్పించాను. నువ్వు వద్దన్నావు. నువ్వన్నదే రైటు."

ఎనభై ఎనిమిది.

"ఇలా అన్నావంటే నిజంగానే చచ్చేలా ఉన్నాను," అన్నాడు బావమరిది.

టిక్‌మన్న శబ్దం వినిపించింది. స్క్రీన్ మీద నాలుగో గీత కిందికి పడిపోయింది. వేగం తొంభై, తొంభై ఒకటి. నాలుగో గీత పక్కన ఎర్ర అక్షరాల్లో రివర్స్ అని పడింది. చక్రానికి కరెంటు లేదు. కారు మూడు మోటార్లతో మలుపు తిరిగి, పిట్ ముందునుంచి వెళ్ళిపోయింది. రేడియోలో నడిచిన భాష కొనుగోలుదారుకి రాదు. చెప్పడానికి దుబాసీ లేదు. మూడు మోటార్లతో ఇల్లు చేరడమంటే ఇదేననుకుని అతను వెనక సీట్లోంచి బొటనవేలు పైకెత్తాడు.

జిగురు గేటుకి ఫోన్ చేసి, అక్కడికి చేరేసరికి ఇద్దరు గార్డులు దుబాసీని ఆపి ఉన్నారు. ఆమె ట్రాక్ వైపు చెవి పెట్టి నిలబడింది.

"చప్పుడు రాలేదు," అంది.

"రాదు."

"మీ పెన్ను మాత్రం చాలా బాగా పనిచేసింది. మీ చీఫ్‌కి చెప్పండి."

"రెండేళ్ళు నిజాలే పంపావు."

"ఒక్క అబద్ధం అమ్మాలంటే అన్ని నిజాలు ఊరికే ఇవ్వాలి. మీవాళ్ళు లెక్కపెట్టుకుని మరీ మురిసిపోయారు." ఆమె చెయ్యి కోటు జేబులోకి వెళ్ళింది. జిగురు ఆ మణికట్టు పట్టుకున్నాడు. జేబులోంచి పౌడరు డబ్బా జారి నేలమీద తెరుచుకుంది. పౌడరు ఉండాల్సిన చోట సూది ఉంది.

"వదలండి. నొప్పి పెడుతోంది," అంది.

అతను వదల్లేదు.

కొనుగోలుదారు సాయంత్రం నాలుగింటికి సంతకం చేశాడు. స్పేర్ మోటారులో చిప్ దొరికింది. పౌడరు డబ్బాలోని మందూ, స్టోర్‌కీపర్ ఒంట్లోని మందూ ఒకటేనని లాబ్ ఐదింటికి తేల్చింది. రేడియో సంభాషణ రికార్డింగును చీఫ్ రహస్య సాక్ష్యంగా సీలు వేయించి ఇనప్పెట్టెలో పెట్టించాడు.

ఆరున్నరకి దాని కాపీ ఒకటి జిగురు భార్య ఫోన్‌లో ఉంది. పంపింది ఆమె తమ్ముడు.