దీపాలవేళ మూసిన తలుపు

చోడవరంలో ఆ సాయంత్రం వాన వెలిసింది. చెరకు బళ్ళు నలిపిన రోడ్డు నుంచి తీపీ పులుపూ కలిసిన వాసన వస్తోంది. సంధ్యారాణి పెరటి గదిలో, లోపల గొళ్ళెం పెట్టుకుని, కిటికీ పక్కన కూర్చుంది.

థైరాయిడ్‌కు వాడిన మాత్రలు ఆమె రక్తంలోని తెల్లకణాలను హరించాయి. అనకాపల్లి డాక్టరు మాత్రలు ఆపించాడు. కణాలు మళ్ళీ పెరిగేదాకా ఎవరినీ దగ్గరకు రానివ్వవద్దనీ, గదిలో పువ్వు కూడా ఉంచవద్దనీ, ఏ కొంచెం జ్వరం తగిలినా వెంటనే రమ్మనీ చెప్పాడు. ఒంట్లో కాపలా లేనప్పుడు కాపలా అంతా ఆ తలుపుదే.

ఆ రోజుల్లోనే రావికమతంలో ఆమె తల్లి పైడితల్లి పోయింది. సంధ్యారాణి వెళ్ళలేదు. కన్నతల్లి కంటే రక్తపరీక్ష ఎక్కువయిందా అని మేనత్త ఫోనులో దెప్పింది. సంధ్యారాణి ఫోను పెట్టేసి, సబ్బుతో చేతులు కడుక్కుని, ఆ తరువాతే ఏడ్చింది.

భర్త ఉమామహేష్ మందుల షాపుకు వెళ్ళాడు. అత్తగారు అచ్చియ్యమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. దీపాలవేళ వీధి తలుపు మూసి ఉంటే లక్ష్మి వెనుదిరిగిపోతుందని ఆవిడ నమ్మకం. కోడలి జబ్బు మొదలయ్యాక కొడుకు పట్టుబట్టి మాన్పించిన ఆ అలవాటు ఆ రోజు చేతికి అదాటున వచ్చేసింది. రెండు రెక్కలూ బార్లా తీసి, బట్టలు తెచ్చేందుకు మేడ మీదకు వెళ్ళింది.

వసారాలో తడి కాళ్ళ చప్పుడు. నెమ్మదిగా... గది ముందు ఆగింది. తలుపు సందులోంచి కొబ్బరినూనె వాసన. దాని వెనుక, కాలిన కట్టె వాసన.

"గుంటా... నానే. తలుపు తియ్యి."

ఆ గొంతు కోసం ఆమె ఎన్ని రాత్రులు చెవి ఒగ్గిందో. చెయ్యి దానంతటదే గొళ్ళెం మీదకు వెళ్ళింది.

"సివరి సూపుకి నువ్వు రానేదు గదా. నానే వచ్చేను. ఓపాలి ముట్టుకుని పోతాను."

గొళ్ళెం మంచులా ఉంది. సంధ్యారాణి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"దీపాలేళ వచ్చినోళ్ళని గుమ్మంలో నిలబెడతావేటే?"

"నిలబెడతాను," అంది ఆమె. "నువ్వయినా సరే. నువ్వు నన్ను కన్నది బతకడానికమ్మా, నీ వెనకాల రావడానికి కాదు. తియ్యను."

తలుపు లోపలికి ఒరిగింది. ఆమె వీపు ఆనించి నిలబడింది. చెక్కకు అవతల, సరిగ్గా ఆమె తల ఎత్తున, ఊపిరి... మరొక ఊపిరి...

"మొండిగుంట," అంది ఆ గొంతు, మురిపెంగా.

తరువాత ఏమీ లేదు.

ఉమామహేష్ వచ్చి, బార్లా తెరిచిన వీధి తలుపు చూసి, తల్లిని కేకలేసి, పెరటి కిటికీ దగ్గరకు పరుగెత్తాడు. భార్య వైపు టార్చి వేశాడు.

"నీకా జడెవరేసేరు?"

ఆమె మెడ వెనుక తడుముకుంది. పొద్దున ముడివేసుకున్న జుట్టు నూనె ఓడుతూ బిగుతుగా అల్లి ఉంది. కొసన తడి కనకాంబరాలు. లోపలి గొళ్ళెం వేసింది వేసినట్టే ఉంది.

సంధ్యారాణి కిటికీ దగ్గరకు వచ్చింది. "కత్తెరియ్యి. శానిటైజరు రాసి మరీ ఇయ్యి," అంది. అతను తెచ్చిచ్చిన కత్తెరతో జడను మెడ మొదట్లో కత్తిరించి, కిటికీ అవతలికి విసిరేసింది. "ఇప్పుడు సూడమ్మా," అంది తలుపు వైపు తిరిగి.

జడ బురదలో పడిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. మిగిలిన పొట్టి జుట్టులో, ఆమె తల వెనుక, కంటికి కనపడని దువ్వెన ఇంకా నెమ్మదిగా కదులుతూనే ఉంది.